అమ్మబోయిన ఇల్లు, అమ్మనన్న ఇల్లు

ఇల్లు కట్టుకోవడం మీద, స్థలం కబ్జా కావడం మీద, అద్దె ఇంటి అగచాట్ల మీద అన్ని భాషల్లోనూ కథలున్నాయి, సినిమాలున్నాయి. దశాబ్దాలపాటు సుఖంగా బతికిన ఇంటిని, అప్పుల బాధేమీ లేకుండానే, ధర బాగా పలుకుతోందని అమ్ముకోవాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం నేను చూసినంతలో తెర మీదికి చాలా అరుదుగా వచ్చింది. రెండేళ్ళ తేడాతో వచ్చిన రెండు సినిమాలు ఈ ప్రశ్ననే కథగా తీసుకున్నాయి. ఒకటి 2014లో టొరంటో చిత్రోత్సవంలో చూపించిన అమెరికన్ సినిమా ‘ఫైవ్ ఫ్లైట్స్ అప్’. రెండోది 2016లో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో నిలిచిన బ్రెజిల్ సినిమా ‘అక్వేరియస్’. మొదటిదాంట్లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో ఉండే వృద్ధ దంపతులు తమ ఫ్లాటుని అమ్మకానికి పెడతారు. రెండోదాంట్లో రెసీఫి నగరంలో, సముద్రం ఒడ్డున ఉండే అరవై అయిదేళ్ళ వితంతువు తన ఫ్లాటు అమ్మనంటుంది. రెండు సినిమాలకీ ఇంటి మీద, ఊరి మీద ప్రేమ ఉంది. మొదటి సినిమా ఆ ప్రేమ ఉందని చెప్తుంది. రెండోది ఆ ప్రేమ దేనితో తయారవుతుందో పూట పూటకీ చూపిస్తుంది. నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

‘ఫైవ్ ఫ్లైట్స్ అప్’కి దర్శకుడు రిచర్డ్ లాంక్రెయిన్. అలెక్స్ (మోర్గన్ ఫ్రీమన్) చిత్రకారుడు, రూత్ (డయాన్ కీటన్) రిటైరైన టీచరు. లిఫ్టు లేని భవనంలో అయిదో అంతస్తులో నలభై ఏళ్ళుగా కాపురం. పిల్లలు లేరు, డొరతీ అనే ముసలి కుక్క ఉంది. వాళ్ళు వచ్చిన కొత్తలో ఆ పేట వైపు ఎవరూ తొంగిచూసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ ఫ్లాటు పది లక్షల డాలర్లకు దగ్గరగా పలుకుతుందని మేనకోడలు లిలీ అంటుంది. లిలీ ఇళ్ళ అమ్మకాల ఏజెంటు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే లిఫ్టున్న ఇంటికి మారిపోతే మంచిదన్న ఆలోచనతో ఇద్దరూ సరేనంటారు. ఓపెన్ హౌస్ పెట్టడం, ధరలు రావడం, వేరే ఇల్లు చూసుకోవడం అంతా కొద్ది రోజుల్లో జరిగిపోతుంది.

ఓపెన్ హౌస్ అనే తంతు మనకి అలవాటు లేదు. ఫలానా రోజు ఫలానా వేళకి ఇల్లు తెరిచి ఉంచుతామని ప్రకటిస్తే, కొనే ఉద్దేశం ఉన్నవాళ్ళూ ఊరికే చూసిపోదామనుకున్నవాళ్ళూ అందరూ వచ్చి ఇల్లంతా కలియతిరుగుతారు. కిటికీలోంచి ఏం కనబడుతుందో చూస్తారు. ఏ గోడ పడగొట్టొచ్చో యజమాని వినేలాగే మాట్లాడుకుంటారు. ఆ తరవాత ఒక్కొక్కరూ తాము ఇవ్వగల ధర ఏజెంటుకి చెప్తారు, ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోతారు. ఏజెంటు కమిషన్ అమ్మిన ధరలో శాతం కాబట్టి ధర పెరిగేకొద్దీ లిలీకీ లాభమే. ఈ సన్నివేశాలు సినిమాలో బాగా పండాయి. అలెక్స్ రంగులు కలుపుకునే గదిని వచ్చినవాళ్ళు ఇంకో పడకగదిగా కొలుస్తుంటే ఫ్రీమన్ మొహంలో కోపం కనిపించదు, తన ఇంట్లో తానే అడ్డుగా నిలబడ్డ మనిషి తికమక కనిపిస్తుంది. తల్లి వెంట ఇళ్ళు చూడటానికి వచ్చిన జోయీ అనే చిన్నపిల్లతో తప్ప అతనికి ఎవరితోనూ మాట కలవదు. ఆ పిల్లకి మాత్రమే ఇల్లు ఎంత అన్న లెక్కతో పనిలేదు.

సినిమాలో అన్నిటికన్నా పదునైన ఊహ వేరే ఉంది. ఓపెన్ హౌస్ సమయంలోనే విలియమ్స్‌బర్గ్ వంతెన మీద ఒక ట్యాంకర్ లారీ అడ్డంగా ఆగిపోతుంది. డ్రైవరు పారిపోతాడు. అతను ముస్లిం యువకుడు కాబట్టి టీవీ ఛానళ్ళు వెంటనే తీవ్రవాది అని తేల్చేస్తాయి. వంతెన మూసేస్తే ఇల్లు చూడటానికి ఎవరొస్తారు? భయం ముదిరితే ధర పడిపోతుందా? పోలీసులు అతన్ని త్వరగా పట్టుకుంటే మళ్ళీ పుంజుకుంటుందా? ఒక ముక్కూమొహం తెలియని కుర్రాడి ప్రాణానికీ ఒక ఫ్లాటు ధరకీ ముడిపడిపోతుంది. నగరంలో ఆస్తి ఉన్న ప్రతి మనిషీ ఊళ్ళో ఏ ప్రమాదం జరిగినా లోలోపల ఒక్కసారి ఈ లెక్క వేసుకుంటాడు. పైకి చెప్పుకోడు.

ఈ ఊహ సినిమాది కాదు, జిల్ సిమెంట్ 2009లో రాసిన ‘హీరోయిక్ మెజర్స్’ నవలది. నవలలో దంపతులు యూదులు, కోహెన్లు. ఇల్లు మాన్‌హాటన్ ఈస్ట్ విలేజిలో. ట్యాంకర్ ఇరుక్కునేది మిడ్‌టౌన్ సొరంగంలో. 2001 దాడుల తరవాతి న్యూయార్క్ గుండెదడ నవలంతటా ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం, నవలలో అలెక్స్ గీసే బొమ్మల వస్తువు. వామపక్షం వైపు మొగ్గిన తమ మీద ఒకప్పుడు ఎఫ్‌బీఐ పెట్టిన ఫైళ్ళనే కాగితం కాగితం తీసుకుని రంగులతో అలంకరిస్తుంటాడు. అంటే ఆ దంపతులు ఒకప్పుడు దేశం అనుమానించిన మనుషులే. ఇవాళ టీవీలో ఎవరినో వెంటాడుతుంటే వాళ్ళకి కలిగే కలవరానికి వేళ్ళు అక్కడున్నాయి. సినిమా ఆ ఫైళ్ళని వదిలేసి, దంపతుల్ని నల్లజాతి భర్తగా, తెల్లజాతి భార్యగా మార్చింది. మార్పు ఆలోచన లేనిదేమీ కాదు. 1967లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అమెరికాలో పలు రాష్ట్రాల్లో అలాంటి పెళ్ళి చట్టవిరుద్ధమే. రూత్ ఇంటివాళ్ళ ముభావం, ఇద్దరూ పంతంగా కాపురం పెట్టడం గతంలోని సన్నివేశాలుగా వస్తాయి. అయితే అవన్నీ మెత్తటి వెలుతురులో తేలిపోయే జ్ఞాపకాలు. నవలలోని ఫైళ్ళలాగా ఇవాళ్టి భయాన్ని వచ్చి తాకవు.

అసలు లోపం ఇంకా లోతుగా ఉంది. ఈ దంపతులు నగరాన్ని ఎలా అనుభవించారో మనకి తెలిసేది గతంలోనే. వర్తమానంలో వాళ్ళకి మెట్లున్నాయి, కుక్క ఆపరేషన్ ఉంది, ఫోన్లో లిలీ ఉంది. కూరలు ఎక్కడ కొంటారు? సాయంత్రం ఎవరితో కబుర్లాడతారు? పక్క ఫ్లాటులో ఎవరుంటారు? నలభై ఏళ్ళు ఒక పేటలో ఉన్న టీచరుకి దారిలో పలకరించే పాత విద్యార్థి ఒక్కరైనా ఉండాలి కదా! ఇల్లు వదలడం బాధగా ఉంటుందని సినిమా అంటుంది, మనం తలూపుతాం. ఏం వదులుతున్నారో మాత్రం మన ఒంటికి తగలదు.

‘అక్వేరియస్’ అక్కడే మొదలవుతుంది. దర్శకుడు క్లేబర్ మెండోన్సా ఫిల్యో తన సినిమాల్లో చాలావాటికి నేపథ్యంగా తీసుకునే సొంత ఊరే రెసీఫి. బోవా వియాజెం తీరం వెంట ఆకాశాన్నంటే టవర్ల మధ్య మిగిలిపోయిన పొట్టి పాత భవనం పేరే అక్వేరియస్. మిగిలిన ఫ్లాట్లన్నీ బిల్డరు కొనేశాడు. ఒక్క క్లారా మిగిలింది. ఆమె సంగీత విమర్శకురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. నడివయసు రాకముందే రొమ్ము క్యాన్సర్‌ని దాటి వచ్చింది. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలూ పెద్దవాళ్ళయ్యారు. సోనియా బ్రాగా ఈ పాత్రలో నటించిందనడం కన్నా ఆ ఇంట్లో కాపురం ఉందనడం సబబు.

సినిమా నిడివి రెండున్నర గంటలకు దగ్గరగా ఉంటుంది. అందులో బిల్డరుతో గొడవకి పట్టే సమయం మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువ. మిగతా సమయమంతా క్లారా బతుకుతుంది. పొద్దున్నే రోడ్డు దాటి సముద్రంలో ఈతకి దిగుతుంది. అది సొరచేపలున్నాయని హెచ్చరిక బోర్డులు పెట్టిన తీరం, గస్తీ మనిషి ఆమె మీద కన్నేసి ఉంచుతాడు. ఉయ్యాల మంచంలో కునుకు తీస్తుంది. నల్లటి పొడవాటి జుట్టు విప్పుకుంటుంది, ముడేసుకుంటుంది. స్నేహితురాళ్ళతో డాన్సుకి వెళుతుంది. అక్కడ పరిచయమైన మగవాడు కారులో దగ్గరికి వచ్చి, ఆమె ఒంటి మీది ఆపరేషన్ సంగతి తెలియగానే వెనక్కి తగ్గుతాడు. ఆ అవమానాన్ని మింగి ఇంటికొచ్చి పాట పెట్టుకుని ఒంటరిగా నాట్యం చేస్తుంది. ఈ సన్నివేశాలు కథని ముందుకి నెట్టవు. అమ్మనని ఆమె చెప్పే ఒక్క మాటకి బలమంతా మాత్రం వీటిల్లోనే ఉంది. డబ్బు లెక్క చెప్పేవాడికి ఆమె ఇచ్చే జవాబు ఒక వాదం కాదు, ఒక దినచర్య.

రెండు వస్తువుల గురించి ఆగి చెప్పాలి. మొదటిది ఒక చెక్క సొరుగుల బీరువా. సినిమా 1980లో, క్లారా మేనత్త లూసియా డెబ్భయ్యో పుట్టినరోజు వేడుకతో మొదలవుతుంది. పిల్లలు పొగడ్తలు చదువుతుంటే పెద్దావిడ చూపు గదిలోని బీరువా మీద పడుతుంది. యౌవనంలో ఆ బీరువా సాక్షిగా అనుభవించిన సుఖం ఆమెకి గుర్తొస్తుంది. దర్శకుడు మొహమాటపడకుండా ఆ క్షణాన్ని చూపిస్తాడు. దశాబ్దాలు గడిచినా ఆ బీరువా క్లారా ఇంట్లో అలాగే ఉంటుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. మనకి మాత్రం తెలుసు. రెండోది ఒక ఎల్పీ రికార్డు, జాన్ లెనన్ ‘డబుల్ ఫాంటసీ’. ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయిలకి క్లారా దాన్ని చూపిస్తుంది. పాత రికార్డుల దుకాణంలో కొన్నాక, లోపల మడతపెట్టి ఉన్న పత్రిక ముక్క దొరికింది: లెనన్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఇచ్చిన ఇంటర్వ్యూ. వస్తువుకి ఎన్ని చేతులు మారిన చరిత్ర ఉంటుందో ఆమె చెప్తుంటే ఆ అమ్మాయిలకి కావలసింది వేరే మాట, ఇప్పటి డిజిటల్ సంగీతం మీద ఆమె అభిప్రాయం. ఇలాంటి ఒక్క వస్తువు అలెక్స్, రూత్‌ల ఇంట్లో ఉండి ఉంటే వాళ్ళ సినిమా ఎంత బరువెక్కేదో!

ఇక అమ్మించేవాళ్ళ సంగతి. లిలీ, ‘అక్వేరియస్’లో బిల్డరు తరఫున వచ్చే దియెగో ఇద్దరూ కుర్రతరం, ఇద్దరూ నవ్వుతూ మాట్లాడేవాళ్ళే. లిలీ సొంత మనిషి. ఆమె హడావిడిలో స్వార్థమున్నా ద్వేషం లేదు. ఆ పాత్రని సినిమా కాస్త తేలిక చేసింది, ఎప్పుడూ ఫోనుతోనే ఉండే మనిషిగా కుదించింది. దియెగో నిర్మాణ సంస్థ అధిపతి మనవడు, అమెరికాలో చదువుకొచ్చినవాడు. అతను కసురుకోడు. కట్టబోయే టవర్‌కి ‘కొత్త అక్వేరియస్’ అని పేరు పెడతామంటాడు, పాత భవనం జ్ఞాపకం నిలబడుతుందట. ఆ పక్కనే పైఅంతస్తులో అర్ధరాత్రి గోల పార్టీలు జరుగుతాయి, మెట్ల మీద మలం కనిపిస్తుంది, ఖాళీ ఫ్లాటులో మత సభలు మొదలవుతాయి. ఏదీ చట్టానికి నేరుగా దొరకదు. పైన గోల మొదలైన రాత్రి క్లారా పోలీసులకి ఫోన్ చేయదు, క్వీన్ బృందం రికార్డు పెట్టి శబ్దం పెంచుతుంది. మర్యాద ముసుగులో జరిగే ఒత్తిడిని ఇంత ఓపిగ్గా చూపించిన సినిమా నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు.

పిల్లలతో గొడవ సన్నివేశం తెలుగు కుటుంబాలకి కొత్తగా ఉండదు. కూతురు ఆనా పావులా సూటిగా అడుగుతుంది: మార్కెట్ రేటు కన్నా బాగా ఎక్కువ ఇస్తామంటున్నారు, అందరూ ఖాళీ చేసిన భవనంలో ఒక్కదానివి ఎందుకు, భద్రత ఏముంది? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. హైదరాబాదులో చిక్కడపల్లిలోనో విద్యానగర్‌లోనో రెండొందల గజాల్లో పాత డాబా ఉన్న అమ్మానాన్నల్ని అమెరికా నుంచి కొడుకు అడిగేవీ ఇవే. బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇస్తే రెండు ఫ్లాట్లొస్తాయి, వాచ్‌మన్ ఉంటాడు, లిఫ్టుంటుంది అంటాడు. అందులో ప్రేమ ఉంది, తన నిశ్చింత కూడా ఉంది. అమ్మ పెంచిన మల్లెపందిరి గురించో, వీధి గుమ్మంలో కూరలవాడితో రోజూ నడిచే సంభాషణ గురించో ఆ ఫోన్‌కాల్‌లో ప్రస్తావన రాదు. మెండోన్సా ఫిల్యో గొప్పతనం ఆనా పావులాని దుర్మార్గురాలిగా చూపించకపోవడం. మాటా మాటా పెరిగి తల్లి కటువుగా జవాబిస్తుంది, కూతురు నొచ్చుకుంటుంది, తరవాత ఇద్దరూ ఒకరికొకరు దగ్గరవుతారు. ఒప్పందం మాత్రం కుదరదు.

రెండు ఊళ్ళ చరిత్రని పక్కపక్కన పెడితే ఒక విషయం బయటపడుతుంది. నవలలోని ఈస్ట్ విలేజి ఇంటిని సినిమా విలియమ్స్‌బర్గ్ ప్రాంతానికి మార్చింది. ఆ ప్రాంతం తలరాతని మార్చింది 2005లో న్యూయార్క్ నగరపాలన తెచ్చిన జోనింగ్ మార్పు. ఫ్యాక్టరీలకి, గోదాములకి కేటాయించిన నదీతీరంలో ఎత్తైన నివాస టవర్లకి అనుమతి వచ్చింది. అక్కడి ప్యూర్టో రికన్ కుటుంబాలు, పోలిష్ కార్మికులు, చౌక అద్దెల కోసం వచ్చిన కళాకారులు మెల్లగా తరిగిపోయారు. అలెక్స్ ఫ్లాటు పది లక్షల డాలర్లు పలకడానికి కారణం ఇదంతా. సినిమా ధర చెప్తుంది గానీ కారణం చెప్పదు, ధర వానలాగా పైనుంచి పడినట్టుంటుంది. రెసీఫిలో 2014లో జోసె ఎస్తెలీతా రేవు స్థలంలో డజను టవర్లు కట్టే పథకానికి వ్యతిరేకంగా జనం ఆ స్థలంలోనే గుడారాలు వేసి కూర్చున్నారు. ‘అక్వేరియస్’లో ఆ ఉద్యమం పేరు వినబడకపోయినా, ఆ గాలి పీల్చిన సినిమా అని ప్రతి ఫ్రేములోనూ తెలుస్తుంది. కాన్‌లో ఎర్రతివాచీ మీద చిత్రబృందం అప్పటి బ్రెజిల్ అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ తొలగింపును నిరసిస్తూ కాగితాలు పట్టుకుని నిలబడింది కూడా.

ఇంత మెచ్చుకున్నాక చెప్పవలసిన మాట ఒకటుంది. క్లారాకి ఊగిసలాట లేదు. ఒక్క రాత్రయినా, ఒక్క నిమిషమైనా, అమ్మేస్తే హాయి కదా అని ఆమెకి అనిపించదు. ‘ఫైవ్ ఫ్లైట్స్ అప్’ బలం సరిగ్గా ఇక్కడ ఉంది. అలెక్స్ చేతి సంచీతో రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి తీసుకునేటప్పుడు ఫ్రీమన్, కీటన్ మాటల్లేకుండా చెప్పేది అబద్ధం కాదు. ఇంటి మీద ఎంత ప్రేమ ఉన్నా శరీరం తన లెక్క తాను వేసుకుంటుంది. ఇద్దరిలో ఒకరికి అమ్మాలని ఉన్నప్పుడు రెండోవారికి ఉండదు, మర్నాటికి అది తలకిందులవుతుంది. పెళ్ళయి నలభై ఏళ్ళయినవాళ్ళు నిర్ణయాలు తీసుకునే తీరు అచ్చం అలాగే ఉంటుంది. క్లారా ఒంటరి కాబట్టి ఆమెకి ఆ సంభాషణ లేదు. దర్శకుడు ఆమెను కాస్త ఎక్కువగానే ప్రేమించాడు. ఆమె ధైర్యానికి ఎదురు నిలిచే బలహీనత ఆమెలోనే ఒకటి ఉండి ఉంటే ఆ పాత్ర ఇంకా పెద్దదయ్యేది.

ఆ ప్రేమ వల్ల అతను గుడ్డివాడు కాలేదన్నదీ నిజమే. క్లారా ఇంట్లో లాద్జాని అనే పనిమనిషి ఉంది. ఆమె పుట్టినరోజుకి క్లారా వెళుతుంది, తీరం చివర ఉన్న బ్రసీలియా తెయ్‌మోజా అనే పేదల పేటకి. నడుస్తూ ఒకచోట ఆగి మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటు చూపించి, ఇటు డబ్బున్నవాళ్ళు, అటు పేదవాళ్ళు అని చెప్తుంది. లాద్జాని కొడుకు చనిపోయాడు. ఇంట్లో ఆల్బం చూస్తూ అందరూ పాత ఫోటోల్లో మునిగిపోయి ఉంటే, లాద్జాని తన కొడుకు ఫోటో కూడా తెచ్చి చూపిస్తుంది. గదిలో ఒక్క క్షణం ఇబ్బంది అలుముకుంటుంది. ఇల్లు నిలబెట్టుకోవడం క్లారాకి పోరాటం. నిలబెట్టుకోవడానికి అలాంటి ఇల్లే లేనివాళ్ళు ఆ ఇంట్లో వంట చేస్తారు. సినిమా దీన్ని దాచదు, దిద్దదు. ‘ఫైవ్ ఫ్లైట్స్ అప్’లో ఆ స్థానం ట్యాంకర్ డ్రైవరుది. అతను టీవీ తెరలోనే పుట్టి టీవీ తెరలోనే మాయమవుతాడు. అతనికి కథ లేదు, అలెక్స్ మనసు మారడానికి ఒక నెపమయ్యాడు.

రెండు సినిమాలూ ఒక బల్ల దగ్గరే ముగింపుకి వస్తాయి. అలెక్స్, రూత్ మాన్‌హాటన్‌లో కొనబోయే ఫ్లాటు బేరం బల్ల దగ్గర కూర్చుని దాదాపు ఖాయం చేసుకుంటారు. డ్రైవరు పట్టుబడటం టీవీలో వస్తుంది. అతను భయపడి పారిపోయిన మామూలు కుర్రాడిలా కనిపిస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అతని గురించి అనే మాటలు అలెక్స్ సహించలేడు. ఇద్దరూ బేరం వదులుకుని, ఉన్న ఇంట్లోనే ఉండిపోతారు. చూడటానికి హాయిగా ఉంటుంది. ఉన్నదాంట్లో తృప్తి పడటం వాళ్ళకి నప్పుతుంది కూడా. అమ్మాలన్న ఆలోచన పుట్టించిన మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి, మరో పదేళ్ళ తరవాత వాళ్ళు ఎలా ఎక్కుతారన్నది సినిమా పట్టించుకోదు. కథ మెట్ల దగ్గర మొదలై మనసు దగ్గర తేలిపోయింది. ప్రశ్న ఒకటి, జవాబు ఇంకొకటి.

క్లారా వెళ్ళే బల్ల నిర్మాణ సంస్థ కార్యాలయంలోది. ఆ సంస్థలో పనిచేసి మానేసిన ఇద్దరు మనుషులు వచ్చి, ఖాళీ ఫ్లాట్లలో ఏం పెట్టారో ఆమెకి చెప్పేశారు. తలుపులు పగలగొట్టి చూస్తే గోడల నిండా చెదలు. ఆమె చెదలు తిన్న దుంగల్ని పెట్టెలో పెట్టుకుని వెళ్ళి, దియెగో, అతని తాత చూస్తుండగా నున్నటి బల్ల మీద కుమ్మరిస్తుంది. సినిమా అక్కడితో అయిపోతుంది. భవనం నిలుస్తుందో లేదో తెలియదు, కోర్టులో ఏమవుతుందో తెలియదు, ఆమె వయసు తగ్గదు. ఈ అనిశ్చితి నాకు లోపంగా తోచలేదు. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది యజమాని మనసులో తేలే విషయమని మొదటి సినిమా నమ్మింది. మనసు ఎప్పుడో తేల్చుకున్న మనిషిని కూడా ఊరి డబ్బు, ఊరి పాలన ఊరికే ఉండనివ్వవని రెండో సినిమాకి తెలుసు. అందుకే క్లారా తన జవాబుని ఇంట్లో కూర్చుని చెప్పకుండా వాళ్ళ బల్ల దాకా మోసుకెళ్ళింది.